పోయిన పూట కూలి

ఇంగ్లండ్ రగ్బీ లీగ్ విజేతను తేల్చే ఆటకు గ్రాండ్ ఫైనల్ అన్న పేరు 1998లో వచ్చింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో విగాన్ 10-4తో లీడ్స్‌ని ఓడించింది. బాణసంచా, టీవీ, హడావుడి. అసలు కథ మాత్రం ఒక పూట కూలి దగ్గర మొదలైంది.

ఉత్తరాది గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం రగ్బీ ఆడాలంటే షిఫ్టు వదులుకోవాలి. పోయిన కూలి ఇప్పించండి అన్నారు, అంతే. డబ్బు తగిలితే ఆట మైలపడుతుందన్నట్టు మాట్లాడారు పెద్దమనుషులు. (వాళ్లకేం, కూలి పోయేది ఉంటే కదా!) 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో క్లబ్బులు విడిపోయి కొత్త ఆటకు పునాది వేశాయి. రోజుకు ఆరు షిల్లింగుల దాకా ఇస్తామన్నాయి. ఆ గీత దాటినవాణ్ని పాత రగ్బీ 1995 దాకా వెలివేసింది.

1907లో తొలి ఛాంపియన్‌షిప్ ఫైనల్. హాలిఫాక్స్ 18, ఓల్డ్‌హామ్ 3.

నాకు ముఖ్యమైంది 1960 ఫైనల్. బ్రాడ్‌ఫర్డ్ ఓడ్సల్ మైదానంలో 83,190 మంది జనం. విగాన్ తరఫున రెండు ట్రైలు చేసినవాడు బిల్లీ బోస్టన్, కార్డిఫ్ రేవు వాడలో పుట్టిన నల్లజాతి బిడ్డ. సొంతూరి పెద్ద క్లబ్బు అతన్ని పిలవనే లేదు. విగాన్ 27-3తో గెలిచింది.

రగ్బీ లీగ్ ఆటగాడికి 'సర్' బిరుదు మొదటిసారి దక్కింది 2025లో. అది బోస్టన్‌కే. అప్పటికి ఆయన వయసు 90.