మానవ శరీరంలో కీళ్లు: సుశ్రుతుని లెక్క నుంచి నేటి వర్గీకరణ వరకు

విద్యార్థులారా! పాఠం మొదలుపెట్టే ముందు మీ కుడిచేతిని చాచి కీళ్లు లెక్కించండి. నాలుగు వేళ్లకు మూడేసి చొప్పున 12, బొటనవేలికి 2, ఆపైన మణికట్టు, మోచేయి, భుజం. మొత్తం 17. సుశ్రుత సంహితలోని శారీరస్థానం చెప్పే లెక్క కూడా ఇదే. కాలికీ 17. రెండు చేతులకు, రెండు కాళ్లకు కలిపి 68, మొండెంలో 59, మెడ నుంచి పైకి 83. అన్నీ కలిపితే 210 సంధులు. సుమారు రెండువేల ఏళ్ల కిందట రూపుదిద్దుకున్న గ్రంథానికి ఇంత వివరం ఎలా తెలిసింది?

జవాబు ఆ గ్రంథంలోనే ఉంది. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టాలి. తరువాత వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్ది, ఒక్కొక్క పొరనే తొలగిస్తూ లోపలి భాగాలను కంటితో చూడాలి. శాస్త్రం చదవడం, కళ్లారా చూడడం రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని సుశ్రుతుని అభిప్రాయం.

ఆయన సంధులను ముందుగా కదిలేవి, కదలనివి అని విభజించాడు. తరువాత ఆకారాన్నిబట్టి ఎనిమిది రకాలు చెప్పాడు. వాటిలో కొన్నింటి పేర్లు గమనించండి. తుంటి కీలు 'ఉలూఖలం', అంటే రోలు. వెన్నుపూసల మధ్య ఉన్నవి 'ప్రతరం', అంటే తెప్ప. పుర్రె ఎముకల మధ్య ఉన్నవి 'తున్నసేవని', అంటే కుట్టు. దవడ కీలు 'వాయసతుండం', అంటే కాకిముక్కు.

నేటి శాస్త్రం కీళ్లను నిర్మాణాన్నిబట్టి మూడు రకాలుగా విభజిస్తుంది. పుర్రె కుట్లవంటి తంతుయుత కీళ్లు కదలవు. వెన్నుపూసల మధ్య ఉండే మృదులాస్థి కీళ్లు కొద్దిగా కదులుతాయి. మూడోవి సైనోవియల్ కీళ్లు. వీటిలో ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. చుట్టూ ఒక సంచివంటి పొర, లోపల కందెనలా పనిచేసే ద్రవం, ఎముకలను పట్టి ఉంచే సంధిబంధనాలు ఉంటాయి. భుజం, తుంటి బంతిగిన్నె కీళ్లు. మోచేయి మడతబందు కీలు. బండి ఇరుసుకు చమురు ఎలాగో కీళ్లకు శ్లేష్మం అలాగని సుశ్రుతుడు ఆనాడే పోల్చాడు.

అయితే ఆయన లెక్కలో లోపాలు లేకపోలేదు. మణికట్టును ఒకే సంధిగా లెక్కించాడు. అందులో 8 చిన్న ఎముకలు, వాటి మధ్య అనేక కీళ్లు ఉన్నాయి. కదలని పంటిని, అన్నివైపులకూ తిరిగే తుంటిని ఆకారం చూసి ఒకే 'రోలు' జాతిలో చేర్చాడు. దంతాలను, మృదులాస్థులను కూడా ఎముకలుగా లెక్కించడం వల్ల ఎముకలు 300 అన్నాడు. పెద్దవారిలో ఎముకలు 206 అని మీకు తెలుసు.

ఇటువంటి లోపాలు సరిదిద్దుకోవాలంటే మళ్లీ మళ్లీ చూడాలి. ఐరోపాలో వెసేలియస్ చేసింది అదే. జంతువులను కోసి చూసిన గాలెన్, మనిషి కింది దవడ రెండు ఎముకలన్నాడు. మానవ శరీరాలను పరిశీలించిన వెసేలియస్ అది ఒకటే ఎముక అని 1543లో వెలువడిన తన గ్రంథంలో చూపాడు. మన దేశంలో మాత్రం శవపరీక్ష క్రమంగా వెనుకబడింది. శవాన్ని తాకడం మైల అన్న భావన బలపడింది. గ్రంథం మిగిలింది, కుంచె మూలపడింది. విద్యార్థులు 210 అన్న సంఖ్యను వల్లించారు కాని, లెక్కించి చూడలేదు.

1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా ఆ మైల భావనను పక్కనబెట్టి మానవ శవాన్ని కోశాడు. ఆయన ఆయుర్వేద పండితుడు. సుశ్రుత సంహితను పరిష్కరించి తొలిసారి అచ్చు వేయించినవాడూ ఆయనే. అందువల్ల ఆ రోజు ఆయన సుశ్రుతుని కాదన్నాడనుకోకూడదు, సుశ్రుతుడు చెప్పిన పని చేశాడనుకోవాలి.

మీరూ పాఠ్యపుస్తకంలోని కీళ్ల పట్టికను వల్లించి ఊరుకోకండి. మీ మోచేతిని వంచండి, భుజాన్ని తిప్పండి, మెడను అటూ ఇటూ కదపండి. ఏది ఎటు కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. ఆ తరువాతే పట్టికతో సరిచూసుకోండి.