విశాఖ మెట్రో: గీసిన దారులు, చెరిపిన దారులు

విశాఖపట్నం మెట్రో రైలుకు మూలం 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో ఉంది. ఆ చట్టం 13వ షెడ్యూలు విశాఖలోనూ, విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతంలోనూ మెట్రో సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలించాలని చెప్పింది. పరిశీలించమన్నదే గాని కట్టమని అనలేదు. తర్వాతి పదేళ్ల మలుపులకు చాలావరకు ఈ తేడాయే కారణం.

మెట్రో దారి ఎటు పోవాలన్నది విశాఖలో ఇంజినీర్ల కంటే ముందు కొండలే నిర్ణయించాయి. తూర్పున సముద్రం, వాయవ్యాన సింహాచలం కొండల వరుస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ దాకా సాగే యారాడ కొండ. వీటి మధ్య దొరికిన సన్నని నేల మీద ఊరు పొడుగ్గా పెరిగింది. 1933లో హార్బర్ తెరుచుకుంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. హార్బర్, నౌకాదళ స్థావరం అడ్డుగా ఉండటంతో గాజువాక నుంచి పాత పట్నానికి సూటి దారి లేదు. జాతీయ రహదారి ఎన్ఏడీ కూడలి మీదుగా చుట్టి వస్తుంది. అటు మధురవాడ వైపు ఐటీ కొండలు, కొత్త కాలనీలు వెలిశాయి. ఉక్కు కర్మాగారం నుంచి కొమ్మాది దాకా జాతీయ రహదారి ఒక్కటే ఊరికి వెన్నెముక అయింది. 2005లో గాజువాకను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడటం అప్పటికే జరిగిపోయిన పెరుగుదలకు వేసిన ముద్ర మాత్రమే.

ఇంత పొడవైన ఊరికి లోకల్ రైళ్లు ఎందుకు అలవడలేదన్న సందేహం సహజం. 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ వైపు వేసిన మార్గం వాల్తేరు మీదుగా వెళ్లింది. కాని వాల్తేరు స్టేషన్ ప్రధాన మార్గానికి ఒక కొసలా ఉండిపోయింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన బండి హౌరా పోవాలంటే ఇక్కడ ఇంజను మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ జాప్యం తప్పించుకోవడానికి కొన్ని బండ్లు దువ్వాడలో ఆగి, అటునుంచి అటే సాగిపోతాయి. ఉన్న పట్టాల మీద రద్దీ ఎక్కువ, ఖనిజం మోసే గూడ్సులు ఎక్కువ. కాబట్టి ఊళ్లో తిరిగే జనం సిటీ బస్సులనూ ఆటోలనూ నమ్ముకున్నారు.

మొదటి మెట్రో పటాన్ని ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ తయారుచేసింది. మొత్తం 42.55 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. గాజువాక నుంచి కొమ్మాదికి 30.38, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకు 5.26, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకు 6.91 కిలోమీటర్లు. పెద్ద గీత రహదారి వెంట సాగితే, చిన్నవి రెండూ ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల వ్యాపార కేంద్రాన్ని, రైల్వే స్టేషన్‌ను, పూర్ణా మార్కెట్‌ను, విశ్వవిద్యాలయం వైపును కలుపుతాయి. తర్వాత ఎన్ని పటాలు వచ్చినా ఈ ఎముకల గూడు మారలేదు. మారిందల్లా కొసలే. పనుల కోసం 2015లో అమరావతి మెట్రో రైల్ కార్పొరేషన్ ఏర్పడింది. తర్వాత అదే ఆంధ్రప్రదేశ్ మెట్రో రైల్ కార్పొరేషన్ అయింది.

2017 ఆగస్టులో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చింది. కేంద్ర సాయం కావాలంటే ఏదో ఒక పాళ్లలో ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలంది. నగరమంతటికీ సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలని, మెట్రో కంటే చవకైన మార్గాలను కూడా పరిశీలించాలని షరతులు పెట్టింది. విశాఖ కాగితాలు మళ్లీ మొదటికొచ్చాయి. ప్రైవేటు పెట్టుబడి మీద ఆశలకు అప్పట్లో హైదరాబాద్ ఉదాహరణగా కనిపించేది. అక్కడ ఎల్ అండ్ టీ 2010లో ఒప్పందం చేసుకుని, 2017 నవంబరు 28న తొలి మార్గాన్ని ప్రారంభింపజేసి, 2020 ఫిబ్రవరికల్లా దాదాపు 69 కిలోమీటర్లు నడిపింది. కాని అప్పుల భారం తట్టుకోలేక ఆ సంస్థ తప్పుకోజూడటంతో, 2025లో తెలంగాణ ప్రభుత్వమే ఆ మెట్రోను తీసుకోవడానికి సిద్ధపడింది. కోటికి చేరువైన జనాభా ఉన్న నగరంలోనే టికెట్ల మీద మెట్రో గట్టెక్కలేదు. 2011 లెక్కల్లో 17 లక్షల పైచిలుకు జనం ఉన్న విశాఖలో గట్టెక్కుతుందనుకోవడం మొదటినుంచీ అత్యాశే.

2019లో ప్రభుత్వం మారాక పటం ఒక్కసారిగా పొడుగైంది. లైట్ మెట్రో 79.91 కిలోమీటర్లు, దానికి తోడు ఆధునిక ట్రామ్ 60.20 కిలోమీటర్లు. ట్రామ్ మార్గాల్లో పాత పోస్టాఫీసు నుంచి రుషికొండ మీదుగా భీమిలి, ఎన్ఏడీ నుంచి పెందుర్తి, ఉక్కు కర్మాగారం నుంచి అనకాపల్లి ఉన్నాయి. పశ్చిమ దిక్కును అధికారిక పటం అంత దూరం పట్టించుకున్నది అప్పుడే. ట్రామ్ ఆలోచన కాగితం దాటలేదు.

ఇప్పుడున్న ప్రణాళిక మొత్తం 76.90 కిలోమీటర్లు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం అందులో 46.23 కిలోమీటర్లను తొలి దశగా, 11,498 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. 42 స్టేషన్లు. ప్రధాన కారిడార్ కూర్మన్నపాలెం దగ్గరి ఉక్కు కర్మాగారం నుంచి కొమ్మాది దాకా 34.40 కిలోమీటర్లు. మిగతా రెండు పాతవే, కొద్ది తేడాలతో. రెండో దశకు వాయిదా పడింది కొమ్మాది–భోగాపురం మార్గం, 30.67 కిలోమీటర్లు. విమానాశ్రయం భోగాపురానికి తరలాలన్న నిర్ణయం మెట్రో కొసను ఈశాన్యానికి లాగింది. జాతీయ రహదారి మీద మధురవాడ–తాటిచెట్లపాలెం మధ్య, గాజువాక–ఉక్కు కర్మాగారం మధ్య కింద ఫ్లైఓవర్, పైన మెట్రో ఉండే డబుల్ డెక్కర్ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. రహదారి మీద ముందు ఒక వంతెన, తర్వాత ఇంకో వంతెన కట్టి రెండుసార్లు ఊరిని తవ్వడం కంటే ఇది తెలివైన పద్ధతి. ఖర్చంతా కేంద్రమే భరించాలని రాష్ట్రం కోరింది. 2025 జూలైలో సివిల్ పనులకు టెండర్లు పిలిచింది.

ఈ పటం పశ్చిమాన ఉన్నవాళ్లకు ఏమిస్తుందో నర్సీపట్నం నుంచి చూస్తే తెలుస్తుంది. ఆ ఊరు 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరుతో ఉన్న రైల్వే స్టేషన్, నర్సీపట్నం రోడ్డు, ఊరికి దూరంగా ప్రధాన మార్గం మీద ఉంది. ఆసుపత్రికో, కాలేజీకో, కోర్టు పనికో విశాఖ పోయేవాళ్లు మాకవరపాలెం, తాళ్లపాలెం మీదుగా అనకాపల్లి చేరి, లంకెలపాలెం దాటి కూర్మన్నపాలెం వస్తారు. ఆమోదించిన పటం ప్రకారం వాళ్లకు మెట్రో అక్కడే మొదలవుతుంది. అంటే గాజువాక, ఎన్ఏడీ రద్దీ తప్పుతుంది గాని బస్సు దిగి బండి మారక తప్పదు. అనకాపల్లి 2013లోనే మహా విశాఖలో కలిసింది. అలాంటి పట్టణానికి 2019 తర్వాతి పటంలో దక్కిన చోటు ఇప్పుడు లేదు. విమానం ఎక్కేవాళ్ల కోసం 30 కిలోమీటర్ల మార్గం ముందుగా రాసుకుని, రోజూ బస్సెక్కేవాళ్ల కోసం అందులో సగం దూరం కూడా రాయకపోవడం సరైన వరుస కాదు. కూర్మన్నపాలెం–అనకాపల్లి మార్గాన్ని రెండో దశలోనే చేర్చాలి.