అక్షరముపై అధికారము: బెంగళూరు సింప్యూటరు, తెలుగు లిపి

వస్తువును కొనినవాడు దానికి యజమాని యగునని లోకవ్యవహారము. గడియారము కొనినవాడు దానిని విప్పించి బాగుచేయించుకొనును. రేడియో చెడినచో తనకు నమ్మకమైన పనివానికి చూపును. కంప్యూటరు విషయమున నీ నియమము సడలినది. యంత్రము కొనినవానిదే యైనను, దానిని నడపు సాఫ్టువేరు తయారుచేసిన సంస్థ యధీనమందే యుండుట సామాన్యమైనది. ఈ భేదము తెలుగు చదువరికి నెట్లు సంబంధించునో, దానికి బెంగళూరు చరిత్రలో నెట్టి సాక్ష్యము గలదో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

ఈ స్థితి నెదిరించి 1983లో అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్మన్ 'గ్నూ' అను ప్రయత్నమును ప్రకటించెను. ప్రోగ్రామును ఏ పనికైనను నడపుకొనుట, అది పనిచేయు తీరును చదివి మార్చుకొనుట, ప్రతులను పొరుగువారికి పంచుట, మార్చిన ప్రతులను సైతము పంచుట - ఈ నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండవలెనని యాయన సిద్ధాంతము. ఇందు స్వేచ్ఛ యనగా వెల లేకుండుట కాదు, అధికారము కలిగియుండుట. 1989లో వెలువడిన 'జనరల్ పబ్లిక్ లైసెన్సు' ఈ స్వేచ్ఛలను పొందినవాడు వానిని తన తరువాతివానికిని అందింపవలెనని నిబంధించెను. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు మరుసటి సంవత్సరమే యీ లైసెన్సు క్రిందికి వచ్చెను.

ఈ భావమును సాఫ్టువేరునకే పరిమితము చేయక యంత్రమునకు సైతము వర్తింపజేసిన ప్రయోగము బెంగళూరున జరిగినది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ గారలును, ఎన్‌కోర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే ప్రభృతులును కలిసి 1999లో సింప్యూటరు ట్రస్టును నెలకొల్పిరి. 2001 ఏప్రిల్‌లో అరచేత నిముడు సింప్యూటరు ప్రజల యెదుట నిలిచెను. అది లినక్సుపై నడచునది. అక్షరములు రానివారికొరకు వ్రాతను చదివి వినిపించు ఏర్పాటు దానియందు గలదు. ఒక గ్రామమునకు యంత్ర మొక్కటియే యైనను, ఎవరి వివరములు వారి స్మార్టు కార్డునందే యుండును. యంత్రము ఉమ్మడిది, సమాచారము ఎవరిది వారిది. ఇది గమనింపదగిన యేర్పాటు. యంత్రనిర్మాణమునకు సైతము ప్రత్యేకముగ నొక పబ్లిక్ లైసెన్సు వ్రాయబడెను. దాని ప్రకారము మెరుగులు దిద్దినవారు కొంతకాలమునకు వానిని ట్రస్టునకు తిరిగి తెలుపవలెను.

2004లో పికోపెటా సంస్థ, భారత్ ఎలక్ట్రానిక్స్ సహకారముతో, 'అమిడా' అను పేర దీనిని విపణిలోనికి తెచ్చెను. కాని ఆశించినంతగ అది అమ్ముడుపోలేదు. అమ్మకములు పెరిగిననే ధర తగ్గును. ధర తగ్గిననే అమ్మకములు పెరుగును. ఈ చిక్కు విడిపోకమునుపే సెల్‌ఫోను ఇంటింట ప్రవేశించెను. నేటి ఆండ్రాయిడు ఫోనుల మూలమున సైతము లినక్సే యున్నది. అయినను వానియందు పెక్కింటిని కొనినవాడు తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనజాలడు. మూలము తెరచియున్నంత మాత్రమున తాళపుచెవి వాడుకరి చేతికి రాదని దీనివలన తెలియుచున్నది.

ఈ తాళపుచెవి ప్రశ్న తెలుగువారికి లిపి రూపమున ఎదురైనది. ముద్రణకొరకు వచ్చిన తొలి తెలుగు ఖతులయందు ఒక్కొక్క సంస్థ అక్షరములకు తనకు తోచిన సంఖ్యల నిచ్చుకొనెను. అందుచే నొక ఖతిలో 'క' యైనది వేరొకదానిలో అర్థము లేని గుర్తుగ కనబడెను. ఖతి లేనిచో రచయితకు తన వ్రాతయే పరాయిదయ్యెను. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పు తెలుగునకు 128 స్థానములు కేటాయించి యీ గందరగోళమునకు విరుగుడు చూపెను.

స్థానము లేర్పడిన చాలదు. అక్షరరూపములును, వ్రాయు సాధనములును కావలెను. దేశికాచారి గారు పోతన, వేమన అను యూనికోడు ఖతులను పబ్లిక్ లైసెన్సు క్రింద లోకమున కొసగిరి. రైస్ విశ్వవిద్యాలయము పేరు దాల్చిన లిప్యంతరీకరణ పద్ధతి ఆంగ్ల కీలతో తెలుగు వ్రాయుటకు మార్గము చూపెను. 2006లో వచ్చిన 'లేఖిని' ఆ మార్గమును సులభతరము చేసెను. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియా వెలసెను. హైదరాబాదున స్వేచ్ఛ సంస్థ తెలుగు మాటలాడు లినక్సు కూర్పును సిద్ధపరచెను. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన సురవరము, గిడుగు, మండలి మొదలగు ఖతులు నేడు ఎవరైనను వాడుకొనదగినవై యున్నవి.

ఇది బెంగళూరు తెలుగువారికి మరింత ముఖ్యము. రాజ్యాంగమందలి 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించినది. కాని బోధించు పాఠము, ప్రశ్నపత్రము, సంఘముల సంచికలు ఒకే సంస్థ ఖతికి బందీలైనచో, ఆ సంస్థ దానిని మానినప్పుడు అవియును మూగవోవును. కొనువారు కొలదిమందియే యున్నచోట వ్యాపారి చిరకాలము శ్రమపడునని ఆశించుట కష్టము. స్వేచ్ఛాసాధనమైనచో ఆ కొలదిమందియే దానిని బాగుచేసికొనగలరు.

ముద్రణాలయ ఖతుల సొంపును కాదనుట యిందు ఉద్దేశము కాదు. అచ్చునకు వానిని వాడవచ్చును. మూలప్రతి మాత్రము యూనికోడులో నుండవలెను. పాత సంచికలను ఆ ఖతులు పనిచేయుచుండగనే మార్చి భద్రపరచుకొనుట మేలు. సింప్యూటరు అంగడిలో నిలువలేదు. యంత్రము ఉమ్మడిదైనను ఎవరి వివరములు వారి చేత నుండవలెనన్న దాని నియమము మాత్రము నిలువదగినది. తాత వ్రాసిన కాగితమును మనుమడు ఎవరి యనుమతియు లేక చదువగలిగెను. కంప్యూటరులో వ్రాసినదానికిని ఆ భాగ్యము దక్కించుట నేటివారి చేతిలోనే యున్నది.