గంట మోగింది, మాట రాలేదు

మెట్లు జాగ్రత్త. ల్యాండింగ్‌లో బల్బు పోయి నెల దాటింది. ఫోన్ లైటు వేసుకుని మూడో అంతస్తుకి రండి. కవాడిగూడలో రాత్రి పదిన్నర. సీజీవో టవర్స్ వైపు ఆఫీసు కిటికీలన్నీ చీకటి. కింద గల్లీలో ఇస్త్రీ బండి మీద బొగ్గులు ఆరిపోయాయి. ట్యాంక్‌బండ్ వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా హుస్సేన్‌సాగర్ సంగతి ముక్కుకి తెలుస్తోంది. తలుపు తీసే ఉంది. చెప్పులు బయట విడిచి ఆ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోండి. నేల మీద పడున్న నీలం కేబుల్ తొక్కకండి, ఈ రాత్రి దానితో పనుంది.

కీబోర్డు ముందున్న కుర్రాడు చిన్న ఆఫీసులకీ హాస్టళ్లకీ కెమెరాలు, వైఫై బిగిస్తుంటాడు. రేపు పొద్దున అశోక్‌నగర్‌లోని ఒక స్టడీ హాలుకి నాలుగు ఫోన్ ఎక్స్‌టెన్షన్లు ఇవ్వాలి: గేటు, రిసెప్షన్, మెస్, పై అంతస్తు. కొత్త ఎక్స్ఛేంజ్ డబ్బా కొనడానికి యజమాని ఒప్పుకోలేదు. ఉన్నదల్లా ఈ పాత డెస్క్‌టాప్. అందులో విండోస్, విండోస్‌లో ట్యాలీ, ట్యాలీలో అయిదేళ్ల లెక్కలు. దాన్ని తుడిచేసి లినక్స్ ఎక్కిస్తానంటే అకౌంటెంట్ ఊరుకోడు.

అందుకే కుర్రాడు కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ పెట్టాడు. తెర మీద ఆ నల్లటి కిటికీ చూడండి. అది వర్చువల్‌బాక్స్. దానికి రెండు జీబీ మెమరీ, ఒక ప్రాసెసర్ కోర్, ఇరవై జీబీ డిస్కు రాసిచ్చాడు. ఆ డిస్కు నిజానికి విండోస్‌లో ఒక ఫైలు. చెడిపోతే పాత కాపీ తెచ్చుకోవచ్చు, ఇంకో మిషన్‌కి మార్చాలంటే మోసుకుపోవచ్చు. లోపల లినక్స్, దాని మీద ఫోన్ ఎక్స్ఛేంజ్ పని చేసిపెట్టే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్, దాన్ని బ్రౌజర్‌లో నడిపించుకోవడానికి ఫ్రీపీబీఎక్స్. ఆస్టరిస్క్‌ని 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ కుర్రాడు మొదలుపెట్టాడు. తన చిన్న లినక్స్ కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజ్ కొనే స్తోమత లేక సొంతంగా రాసుకున్నాడు, రాసింది అందరికీ వదిలేశాడు. పాతికేళ్ల తర్వాత అశోక్‌నగర్ స్టడీ హాలుదీ అదే ఇబ్బంది, అదే మందు.

"ఏం బిడ్డా, ఇంక కాలేదా?"

పక్క పోర్షన్ కాకా. చేతిలో రెండు స్టీలు గ్లాసుల చాయ్. టెలిఫోన్ శాఖలో చేరేనాటికి క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలు, దిగేనాటికి డిజిటల్‌వి. 1980లలో ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీడాట్ తయారుచేసిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజ్ గురించి అడిగితే తెల్లారిపోతుంది. బీరువా అంత ఉండేదనీ, ఏసీ లేని పంచాయతీ గదిలోనూ నడిచేదనీ చెబుతాడు. ఈ నల్ల కిటికీని మాత్రం ఇంకా పూర్తిగా నమ్మలేదు.

"అయింది కాకా. చూడు." కుర్రాడు తన ఫోన్‌లోని సాఫ్ట్‌ఫోన్ యాప్ నుంచి 102 అనే ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కాడు. బల్ల మీద ఉన్న రెండో మొబైల్ గణగణా మోగింది. కుర్రాడి మొహం వెలిగింది.

"మోగుడు సరే. మాట?"

స్టార్ 43 నొక్కాడు. అది ఎకో టెస్టు. స్పీకర్‌లో ఒకావిడ గొంతు ఇంగ్లిషులో వివరం చెప్పింది: మీరేమంటే అదే మీకు తిరిగి వినిపిస్తుంది, ఎంత ఆలస్యంగా వస్తోందో గమనించండి. ఆవిడ మాట స్పష్టంగా ఉంది. బీప్. కుర్రాడు "హలో" అన్నాడు. ఏమీ లేదు. "హలో, హలో." ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ తిరిగి రాలేదు.

కాకా చాయ్ ఒక గుక్క తాగాడు. "గంట మోగిందంటే సిగ్నలింగ్ మంచిగున్నది. ఆమె మాట నీకు వస్తున్నది, నీ మాట ఆమెకు పోతలేదు. ఒకదిక్కు స్పీచ్ పాత్ లేదు బిడ్డా. మా కాలంల గూడ ఇదే రోగం."

కొంచెం ముందుకి వంగండి. కుర్రాడు ఆస్టరిస్క్ కన్సోల్ తెరిచి ఆర్టీపీ డీబగ్ ఆన్ చేసి మళ్లీ స్టార్ 43 కొట్టాడు. ఇంటర్నెట్ ఫోన్లలో పని రెండు పాయలు. ఎవరు ఎవరికి చేస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా అన్న కబురు సిప్ అనే పద్ధతిలో పోతుంది, దాని ద్వారం 5060. అసలు గొంతు ఆర్టీపీ అనే వేరే దారిలో పోతుంది. ఆస్టరిస్క్ దానికి మామూలుగా 10000 నుంచి 20000 దాకా ద్వారాలు అట్టిపెడుతుంది. తెర మీద వరసలు పరుగెడుతున్నాయి: సెంట్, సెంట్, సెంట్. ప్రతి వరస చివర పొడవు 160. సెకనుకి 8000 సార్లు కొలిచిన గొంతుని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్కకి 160 బైట్లు. సెకనుకి అలాంటివి 50. ఆవిడ మాట అయిపోయింది, వరసలు ఆగిపోయాయి. ఎంత వెతికినా "గాట్" అన్న వరస ఒక్కటీ లేదు.

"పంపుతున్నది, అందుకుంటలేదు," అన్నాడు కుర్రాడు. ఈసారి సిప్ లాగ్ తెరిచాడు. కాల్ కలిసేటప్పుడు ఆస్టరిస్క్ ఫోన్‌కి ఒక చీటీ ఇస్తుంది: నీ గొంతు ఫలానా చిరునామాకి పంపు అని. ఆ చీటీలో 10.0.2.15 అని ఉంది. కుర్రాడు నుదురు కొట్టుకున్నాడు.

అది వర్చువల్‌బాక్స్ తన పొట్టలోని కంప్యూటర్‌కి న్యాట్ పద్ధతిలో ఇచ్చుకునే చిరునామా. ఆ పొట్ట దాటితే దానికి విలువ లేదు. గదిలో మొబైళ్లూ రౌటరూ అన్నీ 192.168.1 వీధిలో ఉన్నాయి. సాయంత్రం కుర్రాడు 5060 ద్వారానికి మాత్రం బయటి నుంచి దారి తీశాడు, అందుకే గంట మోగింది. గొంతు మాత్రం చీటీలోని చిరునామా వెతుక్కుంటూ పోయి రౌటర్ దగ్గరే దారి తప్పింది.

కాకాకి అర్థమైపోయింది. "మన గల్లీల ఇంటి నంబర్లు జూడు. బై మూడు, బై ఏ, బై రెండు. అవన్ని ఇడిసిపెట్టి 'ఎనక అర్ర' అని ఒక్కటే రాసిస్తే పోస్ట్‌మ్యాన్ ఎవరింటి ఎనక అర్రకని పోతడు?"

మందు చిన్నదే. వర్చువల్ కంప్యూటర్ ఆపి, నెట్‌వర్క్ సెట్టింగ్‌లో న్యాట్ తీసి బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ పెట్టాడు. వైఫై మీద బ్రిడ్జ్ ఒక్కోసారి మొరాయిస్తుంది. మీ కాలి దగ్గరున్న నీలం కేబుల్ ఇలా అందించండి. ఒక కొస డెస్క్‌టాప్‌కి, ఇంకో కొస రౌటర్‌కి. మళ్లీ ఆన్ చేస్తే లోపలి కంప్యూటర్ నేరుగా రౌటర్‌నే అడిగి 192.168.1.40 తెచ్చుకుంది. ఇప్పుడది వీధిలో సొంత గుమ్మం ఉన్న ఇల్లు. ఆ నంబరు మారిపోకుండా రౌటర్‌లో కట్టేసి, మొబైళ్లలోనూ సర్వర్ చిరునామా మార్చాడు.

స్టార్ 43. బీప్. ఫోన్ మీ చేతికిచ్చాడు. "మీరే అనండి సార్."

హలో అనండి. మీ హలో మీ చెవికే తిరిగొచ్చింది, రెప్పపాటు ఆలస్యంతో. తెర మీద సెంట్ పక్కన గాట్, సెంట్ పక్కన గాట్.

కాకా ఫోన్ లాక్కుని "నమస్తే" అన్నాడు. బదులుగా "న...స్...ఏ" అని వచ్చింది. ఇదేమిటని చూస్తే అవతల విండోస్ అప్‌డేట్ మొదలైంది. కోర్ల కోసం పోటీ పడి లోపలి కంప్యూటర్ వంతు ఆలస్యమవుతోంది. సినిమా ఫైలు కాపీ కావడం రెండు క్షణాలు ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. గొంతు అలా కాదు, 20 మిల్లీసెకన్లకోసారి ముక్క రావాల్సిందే, ఆగి వచ్చిన ముక్క రానట్టే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం చెబుతుంది. కుర్రాడు రెండో కోర్ కూడా ఇచ్చాడు, అప్‌డేట్‌కి తెల్లవారుజాము వేళ రాశాడు, డెస్క్‌టాప్ నిద్రపోకుండా స్లీప్ తీసేశాడు. మళ్లీ "నమస్తే". ఈసారి అక్షరం పోలేదు.

"గిట్ల బయటి నంబర్లకు గూడ ఫ్రీగ చేస్కోవచ్చా?" కాకా నవ్వుతూనే అడిగాడు, జవాబు ఆయనకి తెలుసు. మన దేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న పరిమితంగా తలుపు తెరిచారు. లైసెన్సున్న టెలికం సంస్థలు మామూలు నంబర్లతో ఇంటర్నెట్ మీదుగా కాల్స్ ఇచ్చే వీలు 2018లో స్పష్టమైంది. గోడల లోపల నాలుగు ఎక్స్‌టెన్షన్లు మాట్లాడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. విదేశీ కాల్స్‌ని నెట్‌లో దించి ఇక్కడి సిమ్ములతో తిప్పితే అది దొంగ ఎక్స్ఛేంజ్, పోలీసు కేసు. బయటి లైను కావాలంటే లైసెన్సున్న సంస్థ దగ్గరే తీసుకోవాలి. 5060ని ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి పాస్‌వర్డ్ 1234 పెడితే ఎవడో దూరాన కూర్చుని మీ ఖాతాలో కాల్స్ చేసుకుంటాడు. కుర్రాడు పొడవాటి పాస్‌వర్డ్‌లు పెట్టి, అంతా పనిచేస్తున్న స్థితిలో ఒక స్నాప్‌షాట్ తీసి, ఖాళీ గ్లాసులు కాకా చేతికిచ్చాడు.

పన్నెండు దాటింది. దిగేటప్పుడూ మెట్లు జాగ్రత్త. ఇంటి దగ్గర మీరూ ఈ పని పెట్టుకుంటే, గంట మోగిందని లేచిపోకండి. స్టార్ 43 కొట్టి మీ హలో మీకు తిరిగొచ్చాకే కంప్యూటర్ ముందు నుంచి లేవండి.