వీధిబడులలో గణితధారణ: 1823 నాటి బళ్లారి నివేదిక

మన వీధిబడుల చదువును గూర్చి వ్రాసినవారిలో ననేకులు దానిని వల్లెవేత యను నొక్క మాటతో త్రోసివేసిరి. ఈ తీర్పునకు తరచుగా నాధారముగ జూపబడునది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టు 17వ తేదీన మద్రాసు రెవెన్యూ బోర్డునకు పంపిన నివేదిక. గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యాపరిశీలనలో నిది యొక భాగము. ధరంపాల్ 1983లో ప్రకటించిన సంపుటమున దీనిని చూడవచ్చును. నివేదికను తుదివరకు చదివినచో నీ తీర్పు సగము మాత్రమే నిలుచునని మా యభిప్రాయము.

ఆ జిల్లాలో నాడు 533 పాఠశాలలుండెను; వానిలో తెలుగు, కన్నడ బడులే యధికము. క్యాంబెల్ నిందించినది పద్యముల వల్లెవేతను. కావ్యభాష వాడుకభాషకు దూరమగుటచే, బాలురు పద్యముల నర్థమెరుగక చిలుకలవలె నప్పగించుచుండిరని యాతని యాక్షేపణము. గణితమును గూర్చి చెప్పునప్పుడట్టి యాక్షేపణము లేదు. కూడిక, గుణకార పట్టికలు, కొలతలు, తూనికలు, భిన్నములు బాలురకు బాగుగ నలవడుటకై వారిని దినమునకు రెండుసార్లు వరుసలుగ నిలిపి, పెద్ద విద్యార్థి చెప్పగా తిరిగి చెప్పించుచుండిరని వర్ణించెను. భిన్నములు పదులుగ గాక నాలుగులుగ విభజింపబడుచుండెననియు తెలిపెను. కాలు, వీసము, కాని యనునవి వరుసగా నాలుగింట, పదునారింట, అరువదినాలుగింట నొక్కొక్క పాలు.

రెండును ధారణయే, ఫలములు వేరు. అర్థము తెలియని పద్యమునకు బాలుని వ్యవహారమున వినియోగము లేదు. వీసమునకు ప్రతి సంతలోను కలదు. రూపాయిలో వీసమనగా నణాయే గదా!

ఇచట మరియొక భేదమును గుర్తింపవలెను. ఒకరు చెప్పగా ననుట వల్లించుట. అడిగినంతనే స్వయముగ స్మరించి చెప్పుట ఒప్పజెప్పుట. నివేదిక స్పష్టముగ వర్ణించినది మొదటిదానినే. కాని నిలుకడగల జ్ఞానమునకు రెండవదే ముఖ్యము. రోడిగర్, కార్పికే అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరిశోధనలో, పాఠమును మరల చదివినవారికంటె స్మరించి వ్రాసినవారికి వారము గడచిన పిదప నెక్కువ జ్ఞప్తియందుండెను. ఆ పరీక్ష కళాశాల విద్యార్థులకు గద్యభాగములపై జరిగినది. బాలుర గణితమునకు దానిని యథాతథముగ నన్వయింపరాదు. అయినను ఎక్కము తడబడక స్ఫురించు బాలునికి లెక్కలోని చిక్కుపై దృష్టి నిలుపుట సులభమని బోధకులందరు నెరిగినదే.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చిన పిమ్మట వీసముల పట్టికకు సంతలో పని తగ్గినది. ఏడెనిమిదుల యేబదియారునకు తగ్గలేదు. కావున ఏది కంఠస్థము కావలెనో వినియోగము నిర్ణయించును. అది యెట్లు నిలుచునో ఒప్పజెప్పుట నిర్ణయించును. ఈ వివేచన లేక ఎక్కములనే బడినుండి వెడలగొట్టుట క్యాంబెల్ సయితము చేయని తీర్పు.