ఆంగ్ల బోధనలో రూపవర్ణన క్రీడలు: ఒక చారిత్రక పరిశీలన

శిశువు తొలుత గుర్తుపట్టేది మనుషుల ముఖాలను. ఆ రూపురేఖలను మాటలలో చెప్పడం ఏ భాషాభ్యాసానికైనా సహజమైన తొలిమెట్టు. అయినా మన దేశపు ఆంగ్ల బోధనలో ఈ మెట్టుకు తగిన స్థానం లభించడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

1835లో మెకాలే నివేదిక తరువాత ఆంగ్లం ఉన్నత విద్యకు వాహికగా స్థిరపడింది. పాఠశాలలలో దీర్ఘకాలం వ్యాకరణ, అనువాద పద్ధతియే రాజ్యమేలింది. విద్యార్థి పద్యం వల్లించేవాడు, ఆంగ్ల వాక్యాన్ని తెలుగులోకి మార్చేవాడు. జాతరలో తప్పిపోయిన తమ్ముడు ఎలా ఉంటాడో ఆంగ్లంలో చెప్పమంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

కోలారు ప్రాంతంలో ఈ లోటు మరింత విచిత్రం. 1880లో జాన్ టేలర్ సంస్థ బంగారు గనుల పని చేపట్టింది. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ కలిసి వినిపించే నేల ఇది. ఇంటి భాష ఒకటి, వీధి భాష మరొకటి అయిన బాలలు చెవితో విని, అవసరం కొద్దీ మాట్లాడి భాషలు నేర్చారు. అదే బాలలకు తరగతి గదిలో ఆంగ్లం కంఠపాఠమైంది.

1950 దశకంలో మద్రాసు రాష్ట్రంలో నిర్మాణాత్మక పద్ధతి ప్రవేశించింది. వాక్య నమూనాలను క్రమంగా, మౌఖికంగా అభ్యసింపజేయడం దాని లక్షణం. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ, 1963లో బెంగుళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ ఏర్పడి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చాయి. బాలలు నోరు విప్పారు. కాని వారు చెప్పే సంగతి వినేవారికి ముందే తెలిసి ఉండేది. అందరికీ కనబడుతున్న చొక్కాను చూపి, అది ఎర్రనిదని చెప్పడంలో ప్రయోజనమేమి?

ఈ లోపాన్ని సరిదిద్దదలచిన ప్రయోగం మనకు సమీపంలోనే జరిగింది. 1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు నాయకత్వాన, బెంగుళూరు ప్రణాళికగా పేరొందిన కృషి దక్షిణ భారత పాఠశాలలలో సాగింది. పటాలు, కాలపట్టికలు ఇచ్చి, విద్యార్థి ధ్యాసను భావంపై నిలిపితే భాష అబ్బుతుందని ఆయన ప్రతిపాదించారు. 1987 నాటి గ్రంథంలో ఆయన వివరించిన మూడు విధాల కృత్యాలలో ఒకటి సమాచార అంతరం. అనగా ఒకరికి తెలిసినది మరొకరికి తెలియకపోవడం. భాషాభ్యాస క్రీడలపై ఆండ్రూ రైట్ ప్రభృతులు రచించిన గ్రంథం కూడా 1979లోనే కేంబ్రిడ్జ్ నుండి వెలువడింది.

రూపవర్ణన క్రీడకు ఈ అంతరమే ప్రాణం. ఒక బాలిక చేతిలో చిత్రం ఉంటుంది. రెండవ బాలిక దానిని చూడక, విన్న మాటలతోనే గీయాలి. మరొక ఆటలో ఒకరు తరగతిలోని ఎవరినో తలచుకుంటారు. తక్కినవారు అవును, కాదు అనే జవాబులు వచ్చే ప్రశ్నలు వేసి కనుగొంటారు. మాట తప్పితే మార్కు పోదు. బొమ్మకు జడ బదులు మీసం వస్తుంది. ఆ నవ్వులోనే సవరణ జరుగుతుంది.

తెలుగు బాలలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కులున్నాయి. తెలుగులో చీర కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు, కళ్లజోడు పెట్టుకుంటారు, తలపాగా చుట్టుకుంటారు. ఆంగ్లంలో వీటన్నిటికీ ‘వేర్’ అనే ఒక్క క్రియ చాలు. ‘ఆమెకు పొడవైన జుట్టు ఉంది’ అనే వాక్యంలోని ‘కు’ ఆంగ్లంలో కనబడదు. అక్కడ ‘షీ హాజ్ లాంగ్ హెయిర్’ అంటారు. సూత్రం వల్లించినా నిలవని ఈ భేదం ఆటలో పదిమార్లు అవసరపడి నాలుకకు అలవడుతుంది.

ఒక్క విషయంలో జాగరూకత తప్పదు. నలుపు, పొట్టి, లావు అనే మాటలు పటంలోని బొమ్మకు వర్తిస్తే పాఠం. పక్క బల్లపై కూర్చున్న బాలికకు వర్తిస్తే గాయం. తరగతిలో పుట్టిన ఎగతాళి పేరు బడి విడిచాక కూడా వెంటాడుతుంది. అందుచేత వివేకవంతులైన ఉపాధ్యాయులు సహాధ్యాయుల వర్ణనను దుస్తులకు, రిబ్బనుకు, చిరునవ్వుకు పరిమితం చేస్తారు. శరీర వర్ణాన్ని, ఆకృతిని బొమ్మలకే వదలుతారు.

1986లో వైద్య కళాశాల నెలకొన్న తమకకు నేడు పలు భాషలవారు వస్తున్నారు. ఆసుపత్రి వాకిట తప్పిపోయిన వృద్ధురాలి ఆనవాళ్లను తెలుగు రానివారికి తెలియజెప్పగలగాలి. అదీ ఆమె గౌరవానికి భంగం రాకుండా చెప్పగలగాలి. ఈ ఆటలు బాలలకు నేర్పే విద్య అదే.