వాపసు

‘వాపసు’ పారసీ నుంచి వచ్చిన మాట. నామినేషన్ మొదలు అప్పు దాకా వెనక్కి మళ్ళే ప్రతిదానికీ తెలుగులో ఇదే వాడతాం. షోలాపూర్ నీలం నగర్‌లో తెలుగు నేతవారి చుట్టూ వినిపించే మరాఠీ, పన్ను విషయంలో ‘పరతావా’ అంటుంది. అదీ వెనక్కి తిరగడమే. విదేశీ పర్యాటకుడికి కొనుగోలు మీద తిరిగిచ్చే పన్నును కొందరు ‘రాయితీ’ అంటారు. అది తప్పు. రాయితీ దయ, వాపసు బాకీ. వినియోగపు పన్ను వస్తువును వాడే దేశానికి చెందాలి. సరుకు ఎల్లలు దాటితే వసూలు చేసింది తిరిగివ్వాల్సిందే. షోలాపూర్ టవళ్ళు ఎగుమతైతే సమీకృత వస్తు సేవల పన్ను (ఐజీఎస్టీ) చట్టం 16వ సెక్షన్ ఈ సూత్రాన్నే పాటిస్తుంది. అదే టవలు పర్యాటకుడి పెట్టెలో వెళ్తే? అందుకని 15వ సెక్షన్ రాశారు గానీ, 2017 జూలై 1న అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో దాన్ని చేర్చలేదు.

చిల్లర మొత్తాలకు ఇంత తతంగమా అనవచ్చు. సింగపూర్ కనీస కొనుగోలు వంద డాలర్లని గీత గీసి ఆ చిక్కు తప్పించుకుంది. నచ్చని వస్తువును దుకాణంలో తిరిగిచ్చినా వాపసే కదా, మాట గందరగోళం కాదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. కాదు: అక్కడ సరుకే వెనక్కి వస్తుంది, ఇక్కడ సరుకు ముందుకు పోతుంది, పన్ను ఒక్కటే వెనక్కి.